ప్రయత్నం మనది, ఫలితం అల్లాహ్‌ది

రేపు ఏం సంపాదిస్తాడో మనిషికి తెలియదు. ఏ గడ్డపై కన్ను మూస్తాడో తెలియదు. సూరా లుఖ్మాన్ చివరి ఆయతులో అల్లాహ్ మనకు తెలియజేసిన సత్యమిది. ఈ మాట వింటే విశ్వాసి గుండె నెమ్మదించాలి. ఎందుకంటే రేపటి సంగతి మనకు తెలియకపోయినా అది తెలిసినవాడు మన ప్రభువే. కాని మనలో చాలామందికి ఆ తెలియని రేపే గుండెల మీద బరువై కూర్చుంటోంది.

ఒక రాత్రి ఇషా నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. కొడుకు గల్ఫ్ వెళ్ళాడు. వీసా కోసం చేసిన అప్పు అలాగే ఉంది. రెండు నెలలుగా డబ్బు రాలేదు, పదిహేను రోజులుగా ఫోను కూడా లేదు. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన అమ్మాయి ఉంది. "మౌలానా, నిద్ర పట్టడం లేదు. నమాజులో నిలబడినా మనసు అక్కడే తిరుగుతోంది. నాలో ఈమాన్ లేదేమో!" అంటూ కంట నీరు పెట్టుకున్నారు. ఏదైనా తావీజు ఇవ్వమని అడిగారు.

మేము తావీజు ఇవ్వలేదు. కొడుకు కోసం ఏడ్చిన మరో తండ్రి గాథను ఆయనకు గుర్తు చేశాము. ఆ తండ్రి దైవప్రవక్త హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం).

సోదరులారా! సూరా యూసుఫ్‌ను మనం ఎన్నోసార్లు విన్నాము. అయితే తరచుగా యూసుఫ్ (అలైహిస్సలాం) వైపు నుండే వింటాము. ఒకసారి ఆయన తండ్రి వైపు నుండి వినండి. ముద్దుల కొడుకు కనిపించకుండా పోయాడు. బతికి ఉన్నాడో లేదో చెప్పేవారు లేరు. ఏళ్ళు గడిచాయి. కరువు వచ్చింది. ధాన్యం కోసం కొడుకులు ఈజిప్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఈసారి యూసుఫ్ సొంత తమ్ముణ్ణి కూడా వెంట పంపితేనే ధాన్యం దొరుకుతుందన్నారు. ఒకసారి దెబ్బతిన్న ఆ తండ్రి మనసు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి!

అప్పుడు ఆయన ఏం చేశారు? ముందుగా కొడుకుల చేత అల్లాహ్ పేరిట ప్రమాణం చేయించారు. అందరూ ఒకే ద్వారం గుండా పట్టణంలోకి వెళ్ళవద్దని, వేర్వేరు ద్వారాల గుండా వెళ్ళమని జాగ్రత్త చెప్పారు. వెంటనే మరో మాట కూడా అన్నారు: అల్లాహ్ నిర్ణయం నుండి తాను వారిని ఏమాత్రం తప్పించలేనని, ఆజ్ఞ ఆయనదేనని, తాను ఆయన్నే నమ్ముకున్నానని. ద్వారాల గురించి చెప్పింది తద్‌బీర్, అంటే ఉపాయం. అల్లాహ్‌ను నమ్ముకున్నానన్నది తవక్కుల్. ఈ రెండూ ఒకే నోట, ఒకే సందర్భంలో వచ్చాయి. ఆ తర్వాతి ఆయతులో అల్లాహ్ ఆయన్ను జ్ఞానం గలవాడని మెచ్చుకున్నాడు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఇంత జాగ్రత్త తీసుకున్నా ఆ చిన్న కొడుకు తిరిగి రాలేదు, ఈజిప్టులోనే ఉండిపోయాడు. అంటే ఉపాయం ఫలించలేదు. మరి తవక్కుల్ వృథా అయిందా? కాలేదు. తవక్కుల్ అంటే మనం కోరినట్లే జరుగుతుందని అనుకోవడం కాదు. మన చేతిలో ఉన్నది చేసి, మన చేతిలో లేనిదాన్ని దాని యజమానికి అప్పగించడం.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దుఃఖంతో ఏడ్చారు. కళ్ళు తెల్లబడిపోయేంతగా ఏడ్చారు. ఏడ్చినందుకు అల్లాహ్ ఆయన్ను తప్పుపట్టలేదు. కాబట్టి కన్నీరు ఈమాన్‌కు విరుద్ధం కాదు. కాని తన బాధను అల్లాహ్‌కే మొర పెట్టుకుంటున్నానని ఆయన స్పష్టంగా చెప్పారు. అంతటి దుఃఖంలోనూ కొడుకులను పిలిచి, వెళ్ళి యూసుఫ్‌నూ అతని తమ్ముణ్ణీ వెదకమని, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని ఆదేశించారు. చూపు పోయింది, ఆశ పోలేదు. చివరికి యూసుఫ్ చొక్కా వచ్చింది, పోయిన చూపూ తిరిగి వచ్చింది.

మన ప్రియ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) కూడా మనకు ఇదే నేర్పారు. ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒకరు అడిగితే, ముందు కట్టేసి ఆ తర్వాత నమ్ముకోమన్నారు. సరైన తవక్కుల్ ఉంటే పక్షులకు లభించినట్లే మనకూ ఉపాధి లభిస్తుందన్నారు. అవి ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి సాయంత్రం కడుపు నింపుకొని వస్తాయి. గమనించండి, పక్షి గూటిలో కూర్చోదు. రేపటి గింజల కోసం రాత్రంతా మేలుకొనీ ఉండదు.

ఆయన (స) తరచుగా చేసే ఒక దుఆను హజ్రత్ అనస్ (రజి) మనకు అందించారు. అందులో చింత, దుఃఖం, అశక్తత, సోమరితనం, రుణభారం, వీటన్నిటి నుండీ అల్లాహ్ శరణు కోరారు. చింతను, సోమరితనాన్ని ఒకే దుఆలో పేర్కొనడంలో మనకు పాఠం ఉంది. దిగులు మనిషి కాళ్ళూ చేతులూ కట్టేస్తుంది. అల్లాహ్ చేయవలసిన పని గురించి రాత్రంతా ఆలోచిస్తాము. తెల్లవారాక మనం చేయవలసిన పని అలాగే మిగిలిపోతుంది. షైతాన్‌కు కావలసింది ఇదే.

ఆ పెద్దాయనతో కూర్చుని మేము ముందుగా ఆయన చేయగలిగినవి ఒక కాగితం మీద వ్రాశాము. ఎవరికి ఎంత బాకీ, ఎప్పటికి ఇవ్వాలి అన్నది మొదట వ్రాశాము. అప్పును వ్రాసుకోవడం ఖుర్ఆన్ ఆదేశమే. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు దాని గురించే ఉంది. కొడుకుతో పనిచేసే మన ఊరి పిల్లవాడికి ఫోను చేయడం రెండోది. విదేశాల్లో చిక్కుకున్న మనవారి ఫిర్యాదుల కోసం భారత విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్‌లో అర్జీ పెట్టడం మూడోది. ఆ తర్వాత కాగితం పక్కన పెట్టి, ఇక మిగిలింది అల్లాహ్‌కు అప్పగించమని చెప్పాము. ఇద్దరమూ రెండేసి రకాతుల నమాజు చేశాము. కష్టం వచ్చినప్పుడు ప్రవక్త (స) ఆశ్రయించింది నమాజునే కదా!

ఇక మనందరికీ ఒక మాట. దిగులుపడే సోదరునితో "తవక్కుల్ పెట్టుకో" అని చెప్పి సలాం చేసి వెళ్ళిపోవడం సులభం. కాని అతనికి అప్పిచ్చినవాడు మన పక్క సఫ్‌లోనే నిలబడి ఉండవచ్చు. అప్పు తీసుకున్నవాడు ఇబ్బందుల్లో ఉంటే గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే అది మరింత మేలని సూరా బఖరాలో అల్లాహ్ సెలవిచ్చాడు. ఒకరికి తవక్కుల్ బోధించే ముందు, అతని కష్టంలో మన వంతు ఏమిటో మనం చూసుకోవాలి.

కొన్నాళ్ళకు ఆ కొడుకు నుండి ఫోను వచ్చింది. జీతం బాకీ ఇంకా అందలేదు, అప్పు ఇంకా తీరలేదు. కాని ఆ పెద్దాయన ఇప్పుడు ఇషా తర్వాత ఇంటికి వెళ్ళి నిద్రపోతున్నారు, ఫజ్ర్‌కు మొదటి సఫ్‌లో ఉంటున్నారు. ఆయన రేపు ఎలా ఉంటుందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. తెలిసినవాడు మేలుకొనే ఉన్నాడు. ఆయనకు కునుకూ లేదు, నిద్రా లేదు.

అల్లాహ్ మనందరికీ మన వంతు పని చేసే శక్తినీ, ఆయన నిర్ణయంపై తృప్తి చెందే హృదయాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.