అందని వస్తువు - అందించు ఉపాయము

చేతికందని వస్తువును తీయుట యెట్లు? పిల్లల పొడుపుకథలలోను, పెద్దల బుద్ధిపరీక్షలలోను తరచుగా వినవచ్చు ప్రశ్న యిది. చేయి చాలదు, నిచ్చెన లేదు, త్రాడు లేదు. అట్టిచోట బలమును పెంచుకొనుట కంటె చూపును మార్చుకొనుట మేలు. ఎదుటిదారి మూసికొన్నపుడు ప్రక్కదారిని వెదకు ఈ బుద్ధివిశేషమునకు 1967లో ఎడ్వర్డ్ డి బోనో అను వైద్యుడు ఆంగ్లమున ఒక పేరు కల్పించెను. తెలుగున దానిని పార్శ్వచింతన యనవచ్చును. పేరు క్రొత్తదే గాని విషయము మనకు క్రొత్తది కాదు.

వ్యాసభారతము ఆదిపర్వమున ఇందుకు చక్కని నిదర్శనము కలదు. హస్తినాపురము వెలుపల కురుకుమారులు ఆడుకొనుచుండగా వారి ఆటవస్తువు ఒక బావిలో పడెను. మూలమున దానిని ‘వీటా’ యన్నారు, బంతియని లోకవాడుక. ఎంత యత్నించినను అది చేజిక్కక, రాకుమారులు సిగ్గుతో ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. సమీపముననున్న కృశించిన బ్రాహ్మణుడొకడు నవ్వి, వారిని మందలించి, తనకు భోజనము పెట్టినచో దానిని తీసియిత్తునని పలికి, తన ఉంగరమును గూడ ఆ బావిలోనే పడవైచెను. పిమ్మట పిడికెడు గడ్డిపుల్లలను అభిమంత్రించి, ఒకదానితో బంతిని గ్రుచ్చెను. రెండవదానితో మొదటిదానిని, మూడవదానితో రెండవదానిని గ్రుచ్చుచు గొలుసుగా కూర్చి బంతిని పైకి లాగెను. ఉంగరమును బాణముతో తీసెను. ఆయనయే ద్రోణాచార్యుడు.

మంత్రబలముచే జరిగినదానిలో బుద్ధి గొప్పతన మేమున్నదని కొందరు శంకింపవచ్చును. మంత్రము పుల్లకు బలము నిచ్చినది. పుల్లకు పుల్లను చేర్చినచో లోతు తరుగునని తోచుట మాత్రము వివేకము. అల్పమైన వస్తువులు ఒకదాని నొకటి పట్టుకొన్నపుడు అగాధమునకును అందుకొనగలవు.

అయినను విచారింపవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఉపాయము తెలిసినవాడెల్ల కృతార్థుడగునా? ద్రోణుడు హస్తినకు వచ్చినపుడు ఆయన హృదయమున ద్రుపదుడు చేసిన అవమానము శల్యమువలె నాటుకొని యున్నది. బావిలోని బంతిని తీసిన ఆ నేర్పు హృదయకూపమున పడిన పగను తీయలేకపోయెను. శిష్యులచే ద్రుపదుని బంధింపజేసి, అర్ధరాజ్యమును గైకొని, ఆయన తన కోరిక తీర్చుకొనెను. అవమానితుడైన ద్రుపదుడు యజ్ఞము చేసి ధృష్టద్యుమ్నుని పడసెను. కురుక్షేత్రమున పదునైదవ దినమున ద్రోణుని శిరస్సును ఖండించినవాడు ఆ ధృష్టద్యుమ్నుడే. బాహ్యవస్తువులయెడ ప్రక్కదారిని చూడగల బుద్ధి, తన కోపము విషయమున మాత్రము ఒకే దారిని పట్టి పోయినది. పండితులకును తప్పని ప్రమాద మిది.

మరి అందనివానిని అందుకొనుట యెట్లు? భాగవతము దశమస్కంధమున యశోదాదేవి బాలకృష్ణుని రోటికి కట్టబోయెను. త్రాడు రెండంగుళములు తక్కువయ్యెను. మరియొక త్రాడు ముడివేసెను. మరల రెండంగుళములే తక్కువ. ఇంటనున్న త్రాళ్లన్నియు కూర్చినను ఆ వెలితి తీరలేదు. ద్రోణునికి ఫలించిన ఉపాయమే ఇచట ఫలింపలేదు. చెమర్చిన మేనితో, జారిన కొప్పుతో అలసియున్న తల్లిని చూచి స్వామి జాలిగొని తానే కట్టుబడెను. ఆ రెండంగుళములలో ఒకటి భక్తుని ప్రయత్నము, రెండవది భగవంతుని కృప యని పెద్దలు వ్యాఖ్యానింతురు.

దీనినిబట్టి ప్రయత్నము వ్యర్థమని తలపరాదు. యశోద త్రాళ్లు ముడివేయకున్నచో అలసట లేదు. ఆ అలసటనే స్వామి చూచెను. లౌకికకార్యములలో బుద్ధిని చక్కగా వినియోగింపవలెను. హృదయమున పడియున్న పగను, అహంకారమును తీయవలసి వచ్చినపుడు మాత్రము, చేయగలిగినదంతయు చేసి, మిగిలిన అంగుళమునకై శ్రీహరిని ప్రార్థింపవలెను. అదియే మనకందరకు అందుబాటులోనున్న ఉపాయము.