నక్షత్రాల సాక్ష్యం

వస్తువు మంచిచెడ్డలు వాడినవాణ్ణి అడిగి తెలుసుకోవటం మనకు పాత అలవాటే. కాని సాక్ష్యం చెప్పేవాడు కంటికి కనిపించనప్పుడు, రేపు మనకు ఎదురుపడవలసిన అవసరం అతనికి లేనప్పుడు, ఆ సాక్ష్యంలోని సత్యానికి బాధ్యత యెవరిది? ఆన్‌లైన్ బజారులో ప్రతి సరుకు కిందా మెరిసే అయిదు నక్షత్రాలు యీ ప్రశ్నను మన ముందుకు తెచ్చాయి.

నా అనుభవమే ముందు చెప్పుకుంటాను. కిందటేడు ఒక బల్లదీపం తెప్పించుకున్నాను. పెట్టెలో దీపంతోపాటు ఒక చీటీ వుంది: అయిదు నక్షత్రాలిచ్చి, ఆ సంగతి ఫోటో తీసి పంపితే వంద రూపాయలు తిరిగి యిస్తారట. దీపం అప్పటికి వెలుగుతూనే వుంది. యిచ్చాను. విద్యార్థులకు మిక్కిలి ఉపయోగకరమని కూడా రాశాను. వంద రూపాయలు వచ్చాయి. రెండు నెలలకు దీపం ఆరిపోయింది. ఆ సంగతి రాయటానికి మాత్రం నాకు తీరిక దొరకలేదు. తరువాత హాస్టలులో వుండే మా విద్యార్థి ఒకతను అదే దీపం కొన్నాడు. అతనిదీ అట్లాగే పాడయింది. “రివ్యూలన్నీ చదివే కొన్నాను సార్” అన్నాడు. మెస్సు బిల్లు కట్టటానికే యిబ్బందిపడే కుర్రవాడు.

యిది చిన్న విషయమని మిత్రులు కొందరన్నారు. వేల రివ్యూలలో ఒకడి అయిదు నక్షత్రాలు యే మూలకు? యీ వాదం నాకు సమ్మతం కాదు. 2013లో ‘సైన్స్’ పత్రిక ప్రకటించిన ఒక ప్రయోగంలో, పరిశోధకులు ఒక వెబ్‌సైటులోని లక్షకు పైగా వ్యాఖ్యలను తీసుకుని, వాటిలో కొన్నింటికి తామే ముందుగా ఒక్కొక్క మెప్పు వేశారు. ఆ ఒక్క మెప్పుతో వాటి తుది మార్కులు సగటున 25 శాతం పెరిగాయి. తరువాత వచ్చినవాళ్లు సొంత బుద్ధితోనే నిర్ణయించామనుకుని వుంటారు. అనగా, ముందు మాట్లాడినవాడు వెనుక వచ్చేవాడి తీర్పును కొంత ముందే రాసిపెడుతున్నాడు.

అట్లాగని రివ్యూ అనేదే మోసమని తీర్మానించటం తొందరపాటు. 1995లో అమెజాన్ పుస్తకాలమ్మటం మొదలుపెట్టిన యేడే పాఠకుల అభిప్రాయాలకు, తెగడ్తలకు సహా, చోటిచ్చింది. వ్యాపార ప్రకటన ఒక్కటే మాట్లాడే చోట కొన్నవాడికి నోరు రావటం చిన్న మార్పు కాదు. అందులో ప్రజాస్వామిక బీజం వుంది. చిక్కంతా యేమిటంటే, ఆ మాటకే ధర పలకటం మొదలయింది. దీపం వెలుగుతుందా లేదా అన్నది ఉపయోగపు విలువకు సంబంధించిన ప్రశ్న. నక్షత్రం మాత్రం మారకపు విలువకు కొలువు చేస్తున్నది. అమ్మేవాడు నాకు వంద రూపాయల కూలి యిచ్చి, తన ప్రకటనను నా పేరుతో నా చేతనే రాయించుకున్నాడు. (మన సాహిత్యంలో మొగమాటపు పీఠికలు లేవా అంటే, వున్నాయి. పీఠిక రాసినవాడు కింద సంతకమైనా పెడతాడు. కవితో అతని స్నేహం అందరూ యెరిగినదే.)

చట్టం కొంతవరకు వచ్చింది. అమ్మకందారు వినియోగదారుని వేషంలో రివ్యూలు రాయరాదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెప్పాయి. 2022లో భారత ప్రమాణాల సంస్థ రివ్యూలకొక ప్రమాణం ప్రకటించింది, పాటించటాన్ని వారివారి యిష్టానికి వదలి. నేను వేషం వెయ్యలేదు, నిజమైన వినియోగదారుణ్ణే. నావంటి వాడి అబద్ధాన్ని పట్టుకోవటం కష్టం.

వ్యవస్థే యిట్లా వున్నప్పుడు వ్యక్తి నిజాయితీ యేం చేస్తుందని మనవాళ్లు తరచు అంటూ వుంటారు. దోషం వ్యవస్థది కావటం నిజమే. కాని ఆ వంద రూపాయలు వ్యవస్థ జేబులోకి పోలేదు. యే మిల్లులో కూలి యెంత, యే మేస్త్రీ యెట్లాంటివాడు అన్న సంగతులలో కార్మికులు ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటే సమ్మె ఒక్క పూట నిలుస్తుందా? మోసపోయేవాళ్లు తమలో తాము చెప్పుకునే నిజం కూడా సరుకయితే, సంఘం దేనిమీద కట్టాలి?

ఆ రాత్రే నా రివ్యూ మార్చి, ఒక్క నక్షత్రం యిచ్చి, వంద రూపాయల సంగతి కూడా రాశాను. మరునాడు చూస్తే సగటు కదలలేదు, నాలుగున్నరే. దీపం ఖరీదు యిస్తానంటే ఆ కుర్రవాడు పుచ్చుకోలేదు. నేను రాసినది చూపించమని అడిగి, పక్కన కూర్చుని తనదీ రాశాడు.