పావుకిలో తేడా

"అక్కా, మంచి తెడ్డు కొనాలి. ధర చూస్తే గుండె గుభేలుమంటోంది" అంది మా చెల్లెలు, సియాటిల్ నుంచి. పులిహోర కలపడానికేమో అనుకున్నాను. చెప్పొద్దూ, మా మాక్లూరులో తెడ్డంటే నాకు ముందు వంటిల్లే గుర్తొస్తుంది. పోచంపాడు నీళ్ళలో చేపలు పట్టేవాళ్ళ తెడ్డు ఆ తరవాతే.

తీరా అడిగితే, కయాక్ అనే సన్నటి పడవలో కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో వాషింగ్టన్ సరస్సులో తిరుగుతోందట. అల్యూమినియం కాడది కిలో. కార్బన్‌ది ముప్పావు కిలో, ధర మాత్రం మూడింతలు.

"పావుకిలోకి అంత డబ్బు పోస్తావా? బరువుదే తీసుకో, చేతులు గట్టిపడతాయి" అన్నాను. పెద్దదాన్ని కదా, సలహా నాలిక చివరే ఉంటుంది.

అది నవ్వి లెక్క చెప్పింది. నిమిషానికి 40 సార్లు వేసినా గంటకి 2,400 సార్లు. ప్రతిసారీ పావుకిలో చొప్పున 600 కిలోలు. ఆరు క్వింటాళ్ళు! తెడ్డుని తిప్పుతారే గాని ప్రతిసారీ పూర్తిగా ఎత్తరనుకోండి. అయినా పసుపు బస్తాల మధ్య పెరిగినదాన్ని, క్వింటాలంటే ఏమిటో నాకు తెలియదూ!

ఆ పడవ పుట్టింది మంచుదేశాల్లో, వేట కోసం. దానికి సీల్ తోళ్ళు కుట్టింది ఆడవాళ్ళే. గ్రీన్‌లాండ్ వాళ్ళు తెడ్డు పొడవు కొలుచుకునేది ఎలాగో తెలుసా? ఎవరిది వారికే, ఒక బారెడు, పైన ఒక మూరెడు. మన బార, మన మూర! మన ఇళ్ళల్లో కోడలి చెయ్యి కొలిచి రోకలి చేయించినవారెవరు? అత్తగారు ఎత్తిందే కోడలూ ఎత్తాలి. కిక్కురుమనకుండా ఎత్తితే మంచి పిల్ల. నా నవలల్లోనూ ఓర్చుకున్న నాయికకే మార్కులు వేశాను.

అది లెక్క చెబుతుంటే నాకు మా బావిగట్టు గుర్తొచ్చింది. రెండు ఇత్తడి బిందెలుండేవి. చిన్నది నాది. "అక్కకి పరీక్షలే" అనేది అమ్మ. పరీక్షలు లేని నెలల్లోనూ పెద్ద బిందె చెల్లెలి చంకకే వెళ్ళేది. ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. నేనూ మారుద్దామనలేదు. తేలికది కోరుకున్నందుకు ఇప్పుడు నాకు సిగ్గు లేదు. బరువుది ఎవరెత్తారో అటు తిరిగి చూడనందుకే. దాని భుజం ఈనాటికీ నొప్పి పెడుతుందని ఆ రోజే తెలిసింది. బిందె వల్లనే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను.

"తేలికదే తీసుకో. సగం డబ్బు నేను పంపుతాను" అన్నాను.

"నీకేమైందే!" అంది.

మర్నాడు అటక మీంచి పెద్ద బిందె దింపించి, కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. ఖాళీదే 4 కిలోలు తూగింది. ఫోన్ చేసి చెప్పాను.

కాసేపు మాట్లాడలేదది. తరవాత నెమ్మదిగా, "చిన్నది కూడా తూచావా అక్కా?" అని అడిగింది.