ఈ ఏడు స్టారు కడతారా?

డిసెంబరు మొదటి వారానికల్లా మా పేటలో పలకరింపు మారిపోతుంది. బాగున్నారా అనరు, "స్టారు కట్టారా?" అంటారు. వెదురుబద్దలు, రంగు కాగితం, లోపల ఒక బల్బు. గెడకు కట్టి డాబా మీద ఎత్తితే ఆ ఇంట్లో పండగ మొదలైనట్టే. ఇప్పుడు ప్లాస్టిక్ స్టార్లూ, రంగులు మారే ఎల్‌ఈడీ దండలూ వచ్చాయి గాని పలకరింపు మాత్రం అదే. మా అమ్మ దసరా సెలవుల్లో పోయింది. ఆ డిసెంబరులో మమ్మల్ని పలకరించినవాళ్లు సగంలో నాలుక కరుచుకుని, "ఈ ఏడు స్టారు కడతారా?" అని మార్చి అడిగారు.

మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా పండగ చేయరు. పొయ్యి మీద మూకుడు పెట్టరు. అరిసెలూ జంతికలూ చుట్టాలే వండి పట్టుకొస్తారు. తరాల కిందట క్రీస్తును నమ్ముకున్న ఇళ్లలోనూ ఈ పద్ధతి అలాగే ఉండిపోయింది. "స్టారూ వద్దు, కొత్త బట్టలూ వద్దు, అక్క పోయి మూడు నెలలు కాలేదు, నలుగురూ ఏమనుకుంటారు?" అంది మా పిన్ని. సంఘ పెద్ద ఒకాయన ఆ మర్నాడే వచ్చి, "అవన్నీ అన్యాచారాలు బాబూ. మనకి పునరుత్థాన నిరీక్షణ ఉంది. అమ్మగారు ప్రభువు దగ్గర సంతోషంగా ఉంటే మీరు ఇక్కడ ఏడుస్తూ కూర్చుంటారా? కట్టండి" అన్నారు. నాన్న ఇద్దరికీ తలూపి ఊరుకున్నారు.

ఇద్దరూ మా మేలు కోరే చెప్పారు. ఇద్దరూ పోట్లాడుకుంటున్నట్టు కనిపించినా ఒక్క విషయంలో మాత్రం కలిశారు. సంతోషమూ దుఃఖమూ ఒకే ఇంట్లో ఒకేసారి ఉండకూడదన్నది ఇద్దరి లెక్కా. పిన్ని సంతోషాన్ని గుమ్మం బయట ఆపమంది, పెద్దాయన దుఃఖాన్ని ఆపమన్నారు. నాలో అవి రెండూ ఎవరి మాటా వినకుండా తిరుగుతున్నాయి. గుడిలోంచి పాటల ప్రాక్టీసు వినబడితే ఒళ్లు పులకరించేది, అందులో అమ్మ గొంతు లేదని మరుక్షణమే తెలిసేది. నవ్వొస్తే ఏదో అపచారం చేసినట్టుండేది, ఏడుపొస్తే విశ్వాసం చాలదేమో అనిపించేది.

లూథరన్ సంఘంలో పెరిగినవాళ్లకు క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు తెలుసు, ఆగమన కాలం. బలిపీఠం మీద ఊదారంగు వస్త్రం పరుస్తారు. శ్రమల కాలంలో పరిచేదీ ఆ రంగే. పూర్వపు సంఘం ఈ రోజుల్ని ఉపవాసానికీ, పశ్చాత్తాపానికీ, కనిపెట్టుకుని ఉండటానికీ పెట్టుకుంది. సంబరం ఇరవై ఐదున మొదలై జనవరి 6 పండగ దాకా సాగేది. మనం దాన్ని తిరగేశాం. డిసెంబరు ఒకటో తారీకు నుంచీ సెమీ క్రిస్మస్‌లే. ఆఫీసులో ఒకటి, కాలేజీలో ఒకటి, వీధిలో ఒకటి, ఊరంతటికీ కలిపి ఐక్య క్రిస్మస్ ఇంకొకటి. కేకు, కొవ్వొత్తులు, ప్రసంగం, బిర్యానీ పొట్లం. అసలు రోజు వచ్చేసరికి పాడేవాళ్ల గొంతులు పోయి ఉంటాయి, ఆ మధ్యాహ్నం విస్తళ్లు ఎత్తేసరికి పండగా అయిపోతుంది.

సెమీ క్రిస్మస్‌ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ఇరవై ఐదున ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు, ఒక్కో అయ్యగారి కింద నాలుగైదు సంఘాలుంటాయి, అందరూ కలవాలంటే ముందే కలవాలి. మన పండగకు హిందువులూ ముస్లిములూ వచ్చి పక్కన కూర్చునేదీ ఆ సభల్లోనే. కాకపోతే వాటి హడావుడిలో ఊదారంగు వారాలు కొట్టుకుపోయాయి. మనసు బాగాలేనివాడికి సంఘం క్యాలెండరులో మిగిలిన కాస్త చోటూ అదే.

ఆ ఏడు నేను ఏ సభకూ పోలేదు. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని మత్తయి రెండో అధ్యాయం, లూకా రెండో అధ్యాయం చదువుకున్నాను. కొత్తవేం కాదు, ఆదివారం బడి నాటకంలో గొల్లవాడి వేషం వేసినప్పటి నుంచీ కంఠతా వచ్చినవే. తెలుసు కదా అని గబగబా చదవడం మానితే అందులో వేరే మనుషులు కనిపిస్తారు. మన నాటకంలో హేరోదు రెండు డైలాగులు అరిచి, అట్టకత్తి తిప్పి తెర వెనక్కి పోతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. బిడ్డల్ని పోగొట్టుకున్న బేత్లెహేము తల్లులకు అందులో వేషం ఉండదు. మత్తయి వాళ్లని వదల్లేదు. ఎప్పటిదో యిర్మీయా ప్రవచనంలోంచి రాహేలును పిలుచుకొచ్చాడు. ఎవరెంత చెప్పినా ఊరడిల్లనని మొండికేసిన ఆ తల్లిని యేసు పుట్టుక కథలోనే కూర్చోబెట్టాడు. ఆమెను మందలిస్తూ ఒక్క మాటైనా రాయలేదు.

పాత సంఘమూ ఈ సంగతి దాచలేదు. క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26, రాళ్ల దెబ్బలకు చనిపోయిన మొదటి హతసాక్షి స్తెఫనుది. 28 హేరోదు చంపించిన పసివాళ్లది. పశువుల తొట్టికి ఇంత దగ్గరలో సమాధులు పెట్టినవాళ్లకు పండగ చేసుకోవడం రాదనుకోను. ఇరవై ఎనిమిదిన ఆ పిల్లల్ని తలుచుకున్న ఆరాధన మా వైపు నేను చూడలేదు. అప్పటికి అందరం ముప్పై ఒకటో తేదీ వాచ్‌నైట్ ఏర్పాట్లలో మునిగి ఉంటాం.

లూకా చెప్పిన కథలో నన్ను ఆపింది దూతలూ గొల్లలూ వెళ్లిపోయాక జరిగిన ఘట్టం. పసివాణ్ని యెరూషలేము దేవాలయానికి తీసుకువెళ్తే ఇద్దరు ఎదురవుతారు. సుమెయోను తన జనానికి ఆదరణ ఎప్పుడొస్తుందా అని కనిపెట్టుకుని ఉన్న మనిషి. బిడ్డను చేతుల్లోకి తీసుకుని ఆయన కోరుకున్నది ఆయుష్షు కాదు, సెలవు. పైగా బాలింత ముఖం మీదే చెప్పాడు, నీ ప్రాణంలోకి ఒక కత్తి దిగబోతుందని. ఏ క్రిస్మస్ కార్డు మీదా ఈ బొమ్మ వేయరు. రెండో మనిషి అన్న అనే ముదుసలి. ఏడేళ్ల కాపురం చేసి, మిగతా బతుకంతా విధవరాలిగా గడిపింది. శుభవార్తను అందరికంటే ముందు గుర్తుపట్టినవాళ్లలో సాగనంపమని అడిగిన మనిషి ఒకరు, తోడు పోయాక దశాబ్దాలు బతికిన మనిషి ఒకరు.

మా దాకా ఆ కబురు తెచ్చినాయనా ఈ వరుసలోని మనిషే. అమెరికా నుంచి ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరింది 1842లో. ఆయన భార్య 1839లో చనిపోయింది, ఆ తర్వాతే ఆయన మిషనరీగా బయల్దేరాడు. గుంటూరు లూథరన్ల పుట్టుపూర్వోత్తరాల్లో ఆయన కట్టించిన బడుల మాట అందరూ చెబుతారు, ఈ మాట ఎవరూ చెప్పరు. పెద్దాయనకు చెబుదామనుకుని ఊరుకున్నాను. అప్పటికి నాకు దొరికింది వాదించడానికి పనికొచ్చే జవాబు, ఊరట కాదు.

ఊరట అనదగ్గది ఒక ఖైదీ ఉత్తరంలో దొరికింది. డీట్రిక్ బోన్‌హాఫర్ జర్మనీలో లూథరన్ పాస్టరు, హిట్లరు ప్రభుత్వాన్ని ఎదిరించినవాడు. 1943 జనవరిలో పెళ్లి నిశ్చయమైంది, ఏప్రిల్‌లో అరెస్టు చేసి బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో పెట్టారు. ఆ క్రిస్మస్‌కు ముందు తల్లిదండ్రులకు రాస్తూ, జైల్లో పండగ చేసుకోవడం క్రైస్తవుడికి పెద్ద ఇబ్బందేమీ కాదన్నాడు. పేరుకు మాత్రమే పండగ మిగిలిన చాలా చోట్ల కంటే ఇక్కడే దాన్ని నిజంగా చేసుకుంటారన్నాడు. సత్రంలో చోటు దొరకని బిడ్డ సంగతి ఖైదీకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదని ఆయన భావం.

క్రిస్మస్ ముందురోజు స్నేహితుడు బేట్గెకూ ఆయన భార్యకూ రాసిన ఉత్తరం ఇంకా సూటిగా ఉంటుంది. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను. మనకు ప్రియమైనవాళ్లు దగ్గర లేని లోటును ఏదీ పూడ్చలేదు, పూడ్చాలని చూడనూ కూడదు. ఓర్చుకుని మోయాలంతే. వినడానికి కఠినంగా ఉంటుంది గాని ఓదార్పు అందులోనే ఉంది, ఎందుకంటే ఆ ఖాళీ ఉన్నంతకాలం దాని ద్వారానే మనం వాళ్లతో కలిసి ఉంటాం. దేవుడు ఆ ఖాళీని నింపుతాడనడం సరికాదు. ఆయన దాన్ని అలాగే ఉంచి, నొప్పి పుట్టినా సరే, పాత బంధం తెగకుండా చూస్తాడు. ఇది రాసిన మనిషిని 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. పెళ్లి జరగలేదు.

అమ్మ భూస్థాపన అయ్యాక మా ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. వరుసగా మైకు అందుకున్నవాళ్లలో చాలామంది, ఆమె లేని లోటు దేవుడే తీరుస్తాడన్నారు. ఎందుకో ఆ మాట విన్నప్పుడల్లా గుచ్చుకునేది. దేవుడి మీద కోపమా అని నన్ను నేనే అడుగుకున్నాను. కోపం కాదు. అమ్మ చోట్లో దేవుడు కూర్చోవడం నాకిష్టం లేదు, అంతే. బోన్‌హాఫర్‌ని చదివాక తెలిసింది, ఆయనకూ ఇష్టం లేదని. అమ్మ చోటు అమ్మదే. దాన్ని ఆక్రమించడం కాదు, ఎవరూ ఆక్రమించకుండా కాపలా కాయడం దేవుడి పని. ఆ సంగతి తెలిశాక ప్రార్థన చేయడం తేలికైంది. చాలా రోజుల తర్వాత ఏమీ అడగకుండా కళ్లు మూసుకుని కూర్చోగలిగాను.

ఇది అన్ని దుఃఖాలకూ పనికొస్తుందని చెప్పను. కువైట్‌లో ఎవరింట్లోనో పనిచేస్తూ పండగనాడు పిల్లల్ని ఫోన్లో చూసుకునే తల్లికి ఖాళీని భరించమ్మా అని చెబితే తిట్టినట్టుంటుంది. ఆమెకు కావలసింది విమానం టిక్కెట్టు. తీర్చగలిగిన లోటును తీర్చకుండా వేదాంతం చెప్పడం పాపం.

స్టారు సంగతి అడుగుతారేమో. కట్టాం, మూకుడు మాత్రం పెట్టలేదు. పిన్నీ పెద్దాయనా ఇద్దరూ సగం సగం అలిగారు. ఇరవై నాలుగు రాత్రి కేరల్స్ పిల్లలు డప్పులతో వీధంతా ఎగురుకుంటూ వచ్చి, మా గేటు ముందుకు రాగానే వాయించడం ఆపి మెల్లగా దాటిపోబోయారు. నాన్న బయటికి వెళ్లి, "ఏరా, మా ఇంటి దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా?" అని గద్దించారు. వాళ్లు లోపలికొచ్చి, పాపం, నెమ్మదైన కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. అది అయ్యేదాకా ఊరుకుని, "ఇప్పుడు డప్పు పాట పాడండ్రా, మీ పెద్దమ్మకి అదే ఇష్టం" అన్నారు. క్రిస్మస్ తాత వేషంలో ఉన్న కుర్రాడి గడ్డం ఊడి చంకలోకి జారింది. నేను నవ్వాను. ఏడుపూ వచ్చింది. ఈసారి రెండింటిలో దేనికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

వాళ్లకు ఎంత కానుక ఇవ్వాలో నాన్నకు తెలియదు, ఆ లెక్కలన్నీ అమ్మవి. బీరువాలో ఆమె నోటు పుస్తకం తీశాం. ఏడాదికో పేజీ. అరిసెల బియ్యం, బెల్లం, నూనె, కేరల్స్ వాళ్లకు ఇంత, ఆ కింద పిండివంటలు పంపాల్సిన ఇళ్లు. ఏ పేజీ చూసినా మొదటి పేర్లు ఆ ఏడాది మనిషి పోయిన ఇళ్లవే, అన్ని మతాలవాళ్లవీ. చిన్నప్పుడు ఆ స్టీలు డబ్బాలు మోసింది నేనే. ఆ ఇళ్లకు వెళ్లనని మారాం చేస్తే, "ఇచ్చేసి పరిగెత్తుకు రాకు, కాసేపు కూర్చునిరా" అనేది.

అలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఒకటి ఉంటుంది. సభలు మొదలవకముందే ఓసారి వెళ్లిరండి. లోటు దేవుడు తీరుస్తాడనే మాట మాత్రం దయచేసి అనకండి. పోయినవాళ్ల ప్రస్తావన మీరే తీసుకురండి, ఎత్తితే ఏమనుకుంటారోనని భయపడొద్దు. వాళ్లు మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే కాసేపు కూర్చోండి.