పోయినసారి లెక్కనే

పోచంపల్లిలో ఒక పెద్దాయన చీరలు నేయించేవాడు. చిటికి పనిలో ముందు రంగు, తర్వాతే నేత. నూలును ఆసు మీద తోడి, గీసుకున్న గుర్తుల ప్రకారం రబ్బరు పట్టీలతో కట్టి, రంగులో ముంచి, ఆరాక విప్పితేనే మగ్గం దాకా వస్తుంది. అందుకే మాటలో దొర్లిన పొరపాటు బట్టలో కనబడేసరికి ఎన్నో రోజుల కూలి పోయి ఉంటుంది.

ఒకనాడు రంగులద్దేవాడిని పిలిచి, "కొంగు పోయినసారి లెక్కనే ఉండాలె బిడ్డా" అన్నాడు. వాడు తలూపాడు. ఈయన మనసులో ఉన్నది దసరా సరుకు, వాడి మనసులో ఉన్నది మొన్నటి సరుకు. కండెలు చేతికి రాగానే నేతగాడికి అనుమానం తగిలింది. 'పెద్దోళ్లకు ఎరుక లేదా' అనుకుని నేసేశాడు. ఎర్ర కొంగు రావలసిన చోట నీలం దిగింది. ఆ తర్వాతి అరుపులు రాయను, అలాంటివి అందరం విన్నవే.

మరుసటి పనికి పెద్దాయన ఒక మాట కలిపాడు: "నేనేం చెప్పిననో నువ్వు చెప్పు."

"నేనేమన్న బడి పిల్లగాన్నా కాకా?" అని వాడు నొచ్చుకున్నాడు. అయినా చెప్పాడు: "ఎర్ర కొంగు, నడుమ తెల్ల పువ్వులు. ఎన్ని వరుసలు?"

పెద్దాయన నోరు తెరిచి మళ్లీ మూశాడు. వరుసలెన్నో ఆయనే అనుకోలేదు.

నీతి: విన్నవాడు తిరిగి చెప్పేదాకా చెప్పడం పూర్తి కాదు.

తిరిగి చెప్పమనడం వినేవాడికి పెట్టే పరీక్ష అని మన ఆఫీసుల్లో ఒక అపోహ. ఎక్కువసార్లు దొరికిపోయేది చెప్పినవాడే. "అర్థమైందా?" అని పైవాడు అడిగితే "అయింది సార్" తప్ప ఏమొస్తుంది? ఇక ఆ నేతగాడు. ఆనాటి అరుపులు విన్నాక వాడు ఇకముందైనా నోరు విప్పుతాడా అన్నది నా అనుమానం.

అస్పష్టమైన మాట, నోరు విప్పని అనుమానం ఒక్కోసారి ప్రాణాలే తీస్తాయి. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలోని విమానాశ్రయ రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ గురించి పైలట్ అన్న అస్పష్టమైన మాటకు కంట్రోలర్ "ఓకే" అన్నాడు. ఆగమని వెంటనే అన్నది రేడియో రొదలో సరిగా వినబడలేదు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని బయలుదేరుతున్న విమానంలోని ఇంజినీరు అడిగాడు కూడా. కెప్టెన్ కొట్టిపారేశాడు. ఆ తర్వాత 'టేకాఫ్' అన్న మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్నారు. కింది ఉద్యోగి తన అనుమానాన్ని గట్టిగా చెప్పడం, కెప్టెన్ దాన్ని చెవిన పెట్టడం పైలట్ల శిక్షణలో పాఠాలయ్యాయి.