గానము మారినపుడు

మనకు ప్రియమైన గాయకుడు తన బాణీని మార్చుకొనినచో, అది ఆతని స్వాతంత్ర్యమా, లేక మనయెడ ద్రోహమా? పైకి చిన్నదిగా తోచు ఈ ప్రశ్న, విచారించిన కొలది మన జీవనమునకే సంబంధించినదిగా కనబడును.

పావగడ తాలూకాలోని మన కుటుంబముల యువకులు పలువురు చదువులకును ఉద్యోగములకును బెంగళూరు చేరియున్నారు. వారిలో కొందరికి ‘హెవీ మెటల్’ అను పాశ్చాత్య సంగీతముపై మక్కువ హెచ్చు. విద్యుత్ గిటారుల ఘోషయు, డ్రమ్ముల వేగమును పెద్దల చెవులకు వట్టి కోలాహలమే. కాని పండుగలకు ఇల్లు చేరిన ఈ యువకులు తమలో తాము వాదించుకొను తీరును ఆలకించినచో, విషయము మనకు క్రొత్తది కాదని తెలియును.

వారి వాదమునకు తరచుగా గురియగునది మెటాలికా అను అమెరికా బృందము. దాని మొదటి ఆల్బము ‘కిల్ ఎమ్ ఆల్’ 1983లో వెలువడినది. అది మిక్కిలి వేగము గల గానము. 1986లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ ఆ మార్గమునకు శిఖరమని పలువురి మతము. ఆ సంవత్సరమే స్వీడన్ దేశమున జరిగిన బస్సు ప్రమాదములో, బాస్ గిటారు వాయించు క్లిఫ్ బర్టన్ మరణించెను. 1991లో బృందము పేరుతోనే వచ్చిన ఆల్బమున నడక నెమ్మదించినది, పాటల నిడివి తగ్గినది, కోట్ల ప్రతులు అమ్ముడుపోయినవి. 1996 నాటి ‘లోడ్’ సమయమునకు వారు పొడవైన జుట్టును సైతము కత్తిరించుకొనిరి. ‘వీరు ధనమునకు అమ్ముడుపోయిరి’ అని పాత అభిమానులు ఆక్రోశించిరి. ‘పదేండ్లు ఒకే పాట పాడవలెనా?’ అని తక్కినవారు బదులు పలికిరి. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ మైదానమున ఆ బృందము పాత పాటలను, 1991 నాటి పాటలను కూడ వినిపించినది. వాదము మాత్రము తీరలేదు.

మన పెద్దలును ఇట్లే వాదించినవారే. హార్మోనియము శ్రుతిలో పద్యమెత్తి, చివర దీర్ఘముగా రాగము తీసి, ‘వన్స్ మోర్’ అను కేకలకు మరల పాడుట ఒకప్పటి తెలుగు రంగస్థలమున మర్యాదయై యుండెను. బళ్ళారి రాఘవ (1880–1946) నటనకు ఆ రాగవిస్తారము అడ్డమని తలచి, పాత్ర మనస్సును పలికించుటకే ప్రాధాన్యమిచ్చెను. పాట కొరకు వచ్చిన ప్రేక్షకునికి అది లోటు. పాత్రను చూడవచ్చిన వానికి లాభము. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) నాలుగే స్వరములతో మహతి, లవంగి మొదలగు రాగములను కల్పించినపుడు, రాగమునకు ఐదు స్వరములైనను ఉండవలదా యని సంప్రదాయజ్ఞులలో ఆక్షేపణ లేచినది.

ఈ ఆక్షేపకుల పక్షమును తేలికగా త్రోసివేయరాదు. గాయకుని కీర్తి మన కాసులతోను, మనము మేల్కొన్న రాత్రులతోను కట్టబడినది. అంతమాత్రమున ఆతడు మనకు క్రయమైనాడా? మనము ఇచ్చినది విన్న పాటకు. ఆ పాట మనకు దక్కినది. 1991 నాటి ఆల్బము 1986 నాటి ఆల్బమును చెరిపివేయలేదు. అది కోరినవారికి నేటికిని వినబడుచునే యున్నది.

‘అంగడి కొరకు మారుట తప్పు కాదా?’ అందురు. తప్పే. కాని అంగడి కొరకు మారకుండుటయు అంతే తప్పు. పాత పాటకు గిరాకి కలదని, మనస్సు దానినుండి తొలగిన పిదపకూడ, దానినే వల్లించు గాయకుడు నిజాయితీపరుడని ఎట్లు చెప్పగలము? కావున మారుటయు మారకుండుటయు కొలబద్దలు కావు. పాట వెనుక శ్రద్ధ ఉన్నదా లేదా యనునదే కొలబద్ద. గాయకుని అంతరంగము మనకు కనబడదు. పాట మాత్రము వినబడును. ‘ఈ పాట బాగుగా లేదు’ అనుటకు శ్రోతకు పూర్తి హక్కు కలదు. ‘ఇతడు ద్రోహి’ అనుటకు లేదు.

మన పొరుగుననే ఇందుకు గొప్ప నిదర్శనము కలదు. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనల సాహిత్యము రాగిరేకులపై నిలిచినది. రాగముల పేర్లు నిలిచినవి. ఆయన పాడిన వరుసలు మాత్రము నిలువలేదు. అనంతపురం జిల్లాలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) పిదప తిరుపతిలో వానిలో అనేకములకు స్వరరచన చేసిరి. అన్నమయ్య విన్న గానము అది కాదు. అయినను దానిని ద్రోహమని ఎవ్వరనగలరు? మాటపై నిలిపిన శ్రద్ధయే ఆ క్రొత్త వరుసకు అర్హతను ఇచ్చినది.

ఇక మన మాట. మూడు వైపుల ఆంధ్ర గ్రామములున్నను, మన తాలూకా మైసూరు సంస్థానమున ఉండి, నేడు కర్ణాటకమున ఉన్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, రెండును మనవే. సరిహద్దు దాటినపుడు ‘మీది తెలుగేనా?’ అని నవ్వినవారు మనలను మొదటి ఆల్బముతోనే కొలిచిరి. అది మనకు నొప్పి కలిగించినది. అదే కొలబద్దను నేడు మనము మన పిల్లలపై ప్రయోగించుట న్యాయమా? వారి తెలుగులో కన్నడమును ఇంగ్లీషును కలిసినంతనే వారు మనవారు కాకపోరు. అట్లని ప్రతి మార్పును మెచ్చుకొననక్కరలేదు. తెలుగు అక్షరము చదువలేకపోవుట నష్టమే. దానిని నష్టమని చెప్పి, కూర్చుండబెట్టి నేర్పవలెను. నిందించినచో అక్షరము రాదు, ఉన్న మాటయు పోవును.

రాబోవు పండుగకు పిల్లలు ఇల్లు చేరినపుడు, 1986 నాటి పాటనొకటి, 1991 నాటి పాటనొకటి వినిపింపుమని పెద్దలు వారినే అడుగుదురు గాక. బదులుగా తాము యౌవనమున విన్న పద్యమొకటి పాడి, దాని అర్థము చెప్పుదురు గాక. ఎవరి రుచి ఎవరికి నచ్చునో మేము చెప్పజాలము. వినిన పిమ్మట చేయు వాదము మాత్రము, వినక మునుపు చేసిన వాదముకంటె మేలైనదని మా నమ్మకము.