ఎగచేపిన పొద్దు

ధ్యాన భాగం: ఆదికాండము 33:12–17

తెల్లవారుజామున నాలుగున్నర. ఇంట్లో అందరూ దుప్పట్లు ముసుగుతన్ని పడుకున్నారు. మీరొక్కరే లేచి జుట్టు ముడేసుకుని, ఒక చేత్తో గోరువెచ్చని నీళ్ల బకెట్టు, ఇంకో చేత్తో పాలచెంబు పట్టుకుని పాకలోకి నడిచారు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఒళ్లు పాకలో ఉంది గాని మనసు ఎక్కడెక్కడో తిరుగుతోంది. పాల బిల్లు ఈసారైనా తేదీకి పడుతుందా? ఈ గడ్డివామి ఎండాకాలం దాకా వస్తుందా? అమ్మాయి హాస్టల్ ఫీజుకు ఎవర్ని అడగాలి? నిన్న రాత్రి ఈ లెక్కలతోనే పడుకున్నారు, ఈ పొద్దున వాటితోనే లేచారు.

అలసిపోయారని నాకు తెలుసు. అందుకే ఈరోజు పెద్ద సంగతులేవీ ఎత్తను. మా చుక్క గురించి చెబుతాను, వినండి.

చుక్క మా గేదె. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంటే పిల్లలు ఆ పేరు పెట్టారు. నిరుడు సంక్రాంతికి కొద్ది రోజుల ముందు పెయ్యదూడను ఈనింది. గంట తిరక్కముందే దూడ తడబడుతూ లేచి జున్నుపాలు తాగింది. ఇల్లంతా సంబరం. అయితే నేను ఒక పని మర్చిపోయాను. మర్చిపోయానంటే అబద్ధమవుతుంది, వాయిదా వేశాను. గేదె దూడలకు కడుపులో నట్టలు తల్లి పాలతోనే చేరతాయి. అందుకే పుట్టిన పది రోజులకే మొదటిసారి నట్టల మందు పట్టించమని పశువుల డాక్టర్లు చెబుతూనే ఉంటారు. నాకూ తెలుసు. పండగ పనులు, అరిసెలు, చుట్టాలు. రేపు పట్టిద్దాం, ఎల్లుండి పట్టిద్దాం అనుకున్నాను. పద్దెనిమిదో రోజున దూడకు మట్టిరంగు పారుడు పట్టుకుంది. అప్పుడు పరిగెత్తాను. మూడో రోజు తెల్లారేసరికి అది లేదు.

ఆ సాయంత్రం చుక్క దగ్గర కూర్చున్నాను. దూడను కట్టే గుంజ వైపు మెడ తిప్పి వాసన చూస్తోంది, అరుస్తోంది, మళ్లీ వాసన చూస్తోంది. పొదుగు నిండుగా ఉంది. చన్నులు మాత్రం ఖాళీ సంచుల్లా వదులుగా వేలాడుతున్నాయి. ఎంతసేపు పిండినా చెంబు అడుగు తడవలేదు. చివరికి విసుగొచ్చి గట్టిగా లాగాను. అది చెంబును తన్నేసింది.

పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పొదుగులో పాలు ఉండటం వేరు, గేదె చేపడం వేరు. దూడ మూతితో కుమ్మి చీకినా, అలవాటైన చెయ్యి పొదుగు నిమిరినా ఆ కబురు దాని తలకు చేరుతుంది. అక్కడ నుంచి ఒక హార్మోను రక్తంలో కలిసి పొదుగుకు వస్తుంది. అప్పుడు గాని సన్నటి గదుల్లో దాగిన పాలు చన్నుల్లోకి దిగవు. ఆవు తొందరగా చేపుతుంది, గేదెకు ఇంకాస్త సేపు పడుతుంది. బెదిరినా, దెబ్బ తగిలినా, దిగులు పడినా ఆ దారి మూసుకుపోతుంది. దానికి మన పెద్దవాళ్లు పెట్టిన మాట ఉంది కదా, ఎగచేపడం. తెలియనివాళ్లు చూసి వట్టిపోయిందంటారు. వట్టిపోయిన గేదెలో పాలు ఉండవు. ఎగచేపిన గేదెలో అన్నీ ఉంటాయి, దిగడానికే ధైర్యం చాలదు.

ఈ రెంటికీ ఉన్న తేడా దగ్గర మిమ్మల్ని కాసేపు ఆపాలనుంది.

ఈమధ్య మోకాళ్ల మీద కూర్చుంటే మాట రావడం లేదు కదూ? బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి, లోపలికి ఏమీ వెళ్లదు. ఆదివారం గుడిలో అందరితో కలిసి పాట పాడతారు, గొంతులో నుంచి పాట వస్తుంది, గుండె మాత్రం కదలదు. ఒకప్పుడు ఇలా ఉండేదాన్ని కాదు, నా విశ్వాసం వట్టిపోయింది కాబోలు అని లోలోపల భయపడుతున్నారు. ఆ మాట పైకి అనడానికి కూడా సిగ్గుపడుతున్నారు.

అమ్మా, అయ్యా, మీరు వట్టిపోలేదు. ఇన్నేళ్లుగా ఆయన మీలో నింపిందంతా అక్కడే ఉంది. అప్పు భయం, పోగొట్టుకున్న దుఃఖం, చెయ్యలేకపోయిన పని తాలూకు నేరభావం దాన్ని పైకి లాగి పట్టుకున్నాయి, అంతే. ఎగచేపిన గేదెను మొండిదంటే అన్యాయం కదా? మరి మిమ్మల్ని మీరు రోజూ ఏమని తిట్టుకుంటున్నారు?

రెండో రోజూ చెంబు ఖాళీయే. పక్కింటి మరిది గోడ మీద నుంచి, "వదినా, ఒక సూది పొడిపించు, పది నిమిషాల్లో దిగుతాయి. ఊళ్లో అందరూ చేసేదే" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. అయినా దాచకుండా చెబుతున్నాను, నా మనసు లాగింది. పాలకేంద్రం పుస్తకంలో మా పేరు ఎదుట రెండు పూటలుగా చుక్క పాలు లేవు. ఆ లోటు చూస్తే ఎలాగోలా దింపేస్తే చాలనిపించింది.

మూడో రోజు సాయంత్రం అత్తయ్య నా వెనకే పాకలోకి వచ్చింది. చెంబు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేసింది.

"నీ చెయ్యి వణుకుతోందమ్మాయ్. దానికి తెలుస్తుంది. ముందు కూచో."

కూర్చున్నాను. ఆవిడ తవుడూ పత్తిచెక్కా తడిపి గంపలో పోసి చుక్క ముందు పెట్టింది. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగాను. గుడ్డతో తుడిచాను. చెయ్యి అక్కడే ఆనించి, నుదురు దాని డొక్కకు చేర్చి ఊరుకున్నాను. వెచ్చగా ఉంది. లోపల పొట్ట గుడగుడలాడటం చెవికి వినబడుతోంది. గడ్డి వాసన, పేడ వాసన, దూరంగా ఎవరిదో ట్రాక్టరు చప్పుడు. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది. దూడ పోయాక నేను ఏడవడం అదే మొదలు. ప్రార్థన చేద్దామని అనుకోలేదు. "ప్రభువా, నా తప్పే" అన్న మాట మాత్రం నోట్లో నుంచి వచ్చింది.

కాసేపటికి వేళ్ల కింద ఏదో మారుతున్నట్టు తెలిసింది. ముడతలు పడి వదులుగా ఉన్న చన్ను మెల్లమెల్లగా నిండుతోంది. చర్మం బిగిసింది, నునుపు తేలింది, చేతికి బరువు తగిలింది. అత్తయ్య మాట్లాడకుండా చెంబు అందించింది. మొదటి ధార అడుగున పడి చుయ్‌మంది.

ఆ పూట లీటరున్నరే ఇచ్చింది. మామూలు పాలకు రావడానికి ఇంకో వారం పట్టింది. మధ్యలో ఒక పూట మళ్లీ ఎగచేపింది కూడా. ఇదేదో అద్భుతమని మీకు చెప్పను. కాని ఆ సాయంత్రం ముందుగా చేపింది చుక్క కాదు, నేనే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు యాకోబు దగ్గరికి వెళ్దాం. ఆయన మనలాంటివాడే, మందల మనిషి. మామ లాబాను దగ్గర 20 ఏళ్లు ఎండకు ఎండి, చలికి వణికి, నిద్ర కాచుకుని పశువులు మేపినవాడు. ఊరికి తిరిగి వస్తుంటే అన్న ఏశావు 400 మందితో ఎదురొస్తున్నాడని కబురందింది. ఆ రాత్రి యాకోబు పడ్డ భయం 32వ అధ్యాయం నిండా ఉంది. అన్న కోపం చల్లార్చడానికి కానుకగా మందలు పంపాడు. ఆ జాబితాలో ఒక చిన్న సంగతి చూడండి. 30 పాడి ఒంటెలను వాటి పిల్లలతో సహా పంపాడు. ప్రాణభయంలో ఉన్న మనిషి కూడా తల్లినీ పిల్లనూ విడదీయలేదు. చుక్కను చూశాక ఆ వచనం నేను ఇదివరకటిలా చదవలేకపోతున్నాను.

తెల్లారింది. అన్నదమ్ములు కౌగిలించుకుని ఏడ్చారు. పద, కలిసి వెళ్దాం అన్నాడు ఏశావు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్లు, పాలిచ్చే పశువులు నాతో ఉన్నాయి, వీటిని ఒక్క రోజు వడిగా తోలినా మందంతా చస్తుంది, నువ్వు ముందు సాగు, ఇవి నడవగలిగినంత మెల్లగా నేను వస్తాను అన్నాడు. అన్నతో వెళ్లడం ఇష్టం లేక చెప్పిన సాకు అది అనే బోధకులు ఉన్నారు. అన్న ఉండే శేయీరుకు వస్తానని చెప్పి యాకోబు అటు వెళ్లలేదు కాబట్టి కావచ్చు కూడా. అయినా పాడి పశువును తోలుకుని నాలుగు మైళ్లు నడిచినవాళ్లకు ఆ మాటలో నిజం తెలుసు. పైగా అన్నను కలిసే ముందు రాత్రి ఒక మనిషితో జరిగిన పెనుగులాటలో తొడ గూడు వసిలి ఆయనే కుంటుతున్నాడు. తర్వాత తనకు ఇల్లు కట్టుకున్న చోటే పశువులకు పాకలు వేశాడు. ఆ పాకల వల్లనే ఆ ఊరికి సుక్కోతు అని పేరు వచ్చింది. మన పాకలాంటి పాకల పేరు బైబిల్లో ఒక ఊరికి నిలిచిపోయింది.

ఒక కుంటి కాపరే పాలిచ్చే తల్లుల నడక చూసి అడుగు తగ్గించుకుంటే, మన కాపరి తగ్గించుకోడా? యెషయా 40వ అధ్యాయం 11వ వచనం తీయండి. గొర్రెపిల్లలను రొమ్మున ఎత్తుకునే ఆయన, పాలిచ్చే తల్లులను ఎలా నడిపిస్తాడో అక్కడ ఉంది. మెల్లగా నడిపిస్తాడు. మరి మిమ్మల్ని ఇంత వడిగా తోలుతున్నది ఎవరు? ఈ పరుగు ఆయన పెట్టిందేనా, మీ దిగులు పెట్టిందా?

మీకు మాట రాని ఆ నిమిషాల్లో ఆయన విసుక్కుని చెంబు తీసుకుని వెళ్లిపోడు. అత్తయ్య చుక్క దగ్గర నిలబడినట్టు మీ దగ్గర నిలబడే ఉంటాడు. దిగినప్పుడు దిగుతాయి. లీటరున్నరే దిగినా ఆయన తీసుకుంటాడు.

చుక్క మళ్లీ ఈనాక నేను చేద్దామనుకున్నది చెబుతాను, మీకు కుదిరితే మీరు ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. పాలు పిండే వేళకు ఫోను ఇంట్లోనే వదిలేస్తాను. పొదుగు కడిగాక, పిండబోయే ముందు చెయ్యి ఆనించి రెండు నిమిషాలు ఊరుకుంటాను. అది గేదెకూ మంచిది, నాకూ మంచిది. ఆ రెండు నిమిషాల్లో ఏదైనా అడగాలని లేదు, ఆయన అక్కడ ఉన్నాడని తలచుకుంటే చాలు. అప్పుల లెక్క రాత్రి భోజనాలయ్యాక దీపం కింద ఒక్కసారే చూస్తాను, పాకలోకి మోసుకెళ్లను.

ఇంకొకటి. చుక్క ఇప్పుడు ఎనిమిది నెలల చూడి. పాలు మాన్పించాం, ఈసారి నిజంగానే వట్టిపోయింది. ఈనే ముందు ఆ రెండు నెలల విశ్రాంతి దానికి కావాలి. లేకపోతే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి. దాన్ని చూసి ఎవరూ కంగారుపడటం లేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే తీరిగ్గా పడుకుని నెమరేస్తూ ఉంటుంది. ఒకవేళ మీది అలాంటి కాలమే అయితే, పడుకుని నెమరేయండి.

నట్టల మందు సీసా నిన్ననే తెచ్చి వంటింటి అరలో, ఉప్పు జాడీ పక్కన, రోజూ కంటపడే చోట పెట్టాను.

ప్రార్థన: తండ్రీ, నా చెయ్యి ఇంకా వణుకుతోంది, నీకు తెలుసు. నేను వాయిదా వేసిన పనిని, దానివల్ల పోయిన ప్రాణాన్ని నీ ముందు దాచను, క్షమించు. ఈ పేజీ చదువుతున్నవారి పాక గుమ్మంలో ఈ పూట నువ్వు నిలబడు. వారికి నీ అడుగుల చప్పుడు తెలిసేలా చెయ్యి. మార్చిలో చుక్క ఈనేటప్పుడు, అర్ధరాత్రయినా సరే, మమ్మల్ని లేపు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.